హంగరీ దేశమునకు పోవువారికి

ఐరోపా ఖండమునకు నట్టనడుమ, ఏ సముద్రమును తాకని చిన్న దేశము హంగరీ. వైశాల్యము సుమారు 93 వేల చదరపు కిలోమీటర్లు. అనగా మన తెలంగాణ రాష్ట్రము కంటెను చిన్నది. జనసంఖ్య కోటికి కొంచెము తక్కువ. ఆస్ట్రియా, స్లొవేకియా, ఉక్రెయిన్, రుమేనియా, సెర్బియా, క్రొయేషియా, స్లొవేనియా అను ఏడు దేశములు దాని చుట్టును ఉన్నవి. వియన్నా నగరము నుండి రైలులో సుమారు రెండున్నర గంటలలో రాజధాని బుడాపెస్ట్ చేరవచ్చును. ఇంత దగ్గర కావుననే యాత్రికులు వియన్నాకు పోయి, దారిలో ఒకటి రెండు దినములు బుడాపెస్ట్‌లో గడిపి, డాన్యూబ్ నదిపై పడవ విహారము చేసి, ఛాయాచిత్రములు తీసికొని వచ్చుట పరిపాటి. ఇది చాలదని మా అభిప్రాయము. హంగరీని చూడబోవు విద్యార్థి మిత్రులు మొదట ఆ దేశపు భాషను గూర్చి కొంత తెలిసికొనవలెను. భాష నేర్చుకొని పొమ్మని కాదు. అది సులభమూ కాదు. కాని అక్కడి వంతెనలు, సమాధులు, వీథులలోని బోర్డులు ఆ భాష కథతో ముడివడి ఉన్నవి.

హంగరీ వారు తమను తాము 'మజ్యార్' అని పిలుచుకొంటారు. వారి పూర్వులు తూర్పు మైదానముల నుండి గుఱ్ఱములపై వచ్చి 9వ శతాబ్దము చివర ఇక్కడ స్థిరపడినారు. 896వ సంవత్సరమును ఆ ఘట్టమునకు గుర్తుగా పాటిస్తారు. చుట్టును ఉన్న జర్మను, స్లావు, రుమేనియా భాషలు ఇండో యూరోపియన్ కుటుంబమునకు చెందినవి. మజ్యార్ భాషకు వీటితో బంధుత్వము లేదు. దాని దగ్గరి చుట్టములైన ఖాంతీ, మాన్సీ భాషలు పశ్చిమ సైబీరియాలో కొద్దిమంది నోట నిలిచి ఉన్నవి. ఫిన్లండు, ఎస్టోనియా భాషలు దూరపు చుట్టములు. వేయేండ్లకు పైగా ఇరుగుపొరుగు మాటలు అర్థము కాని ఇంటిలో కాపురము చేసిన కుటుంబము వంటిది ఈ జాతి.

తెలుగువారికి మాత్రము ఈ భాషలో కొన్ని పోకడలు వింతగా పరిచితముగా తోస్తాయి. 'హాజ్' అనగా ఇల్లు. 'హాజమ్' అనగా నా ఇల్లు. 'హాజమ్‌బన్' అనగా నా ఇంటిలో. మనము 'లో' అను ప్రత్యయమును మాట చివర చేర్చినట్లే వారును చేరుస్తారు. అంతకంటె ముచ్చట గొలుపునది పేర్ల వరుస. ఐరోపాలో మరెక్కడను సాధారణముగా కానరాని రీతిలో, వీరు మనవలెనే ఇంటిపేరు ముందు చెప్పి, పెట్టిన పేరు తరువాత చెబుతారు. లోకమునకు ఫ్రాంజ్ లిస్ట్‌గా తెలిసిన సంగీతకారుడు స్వదేశమున లిస్ట్ ఫెరెంత్స్. బేలా బార్తోక్ అక్కడ బార్తోక్ బేలా. దీనిని చూచి రెండు భాషలకు చుట్టరికము కలుపుట తగదు. పోలిక వేరు, పుట్టుక వేరు.

ఇక వీథిలోనికి పోదము. పాశ్చాత్య దేశములలో ఆంగ్లము తెలిసినవానికి పోలీసు, రెస్టారెంటు, ఫార్మసీ అను మాటలు ఏదో ఒక రూపమున కనిపించి ధైర్యమిస్తాయి. హంగరీలో పోలీసు వాహనముపై 'రెండోర్‌షేగ్' అని ఉంటుంది; క్రమమును కాచు వ్యవస్థ అని దాని భావము. భోజనశాలపై 'ఏత్తెరెమ్' అని ఉంటుంది. అన్నము, శాల అను రెండు మాటల సమాసము. రైల్వే స్టేషను 'పాయఉద్వర్'. ఒక చిన్న సూత్రము గుర్తుంచుకొనిన చదువుట కొంత సులువు: రోమను లిపిలోని ఎస్ అక్షరమును వారు 'ష' అని పలుకుతారు, 'స' కావలెనన్న దాని ప్రక్కన జెడ్ చేరుస్తారు. కనుక రాజధాని పేరు వారి నోట 'బుదపెష్ట్'.

ఈ మాటలన్నియు వాటంతట అవి పుట్టినవి కావు. 1791లో జర్మను తత్త్వవేత్త హెర్డర్, రాబోవు శతాబ్దములలో మజ్యార్ భాష కానరాకుండ పోవచ్చునని వ్రాసినాడు. ఆ వాక్యము హంగరీ విద్యావంతుల గుండెలలో ముల్లువలె నాటుకొన్నది. అప్పటికి రాజ్యవ్యవహారము లాటిన్‌లో, దర్బారు మాటలు జర్మనులో సాగుచుండెను. కజింత్సి ఫెరెంత్స్ మొదలైన పండితులు పాత ధాతువుల నుండి వేలకొలది క్రొత్త పదములను నిర్మించినారు. 1825లో సేచేని ఇష్ట్వాన్ అను యువ ప్రభువు, భాషాసేవకై ఒక విద్వత్పరిషత్తు ఏర్పడుటకు తన ఎస్టేటుల ఒక సంవత్సరపు ఆదాయమును సభాముఖమున ప్రకటించినాడు. ఈయన తన దినచర్యను ఎక్కువగా జర్మనులోనే వ్రాసుకొన్నాడన్నది గమనింపదగిన విషయము! 1844లో మజ్యార్ రాజభాష అయినది. బుడాపెస్ట్‌లో యాత్రికులందరును ఛాయాచిత్రము తీసికొను గొలుసు వంతెన కూడ ఆయన పూనికతో లేచినదే. 1849లో తెరచిన ఆ వంతెన 1945లో యుద్ధమున కూలి, 1949లో మరల నిలిచినది. బుడా, ఓబుడా, పెష్ట్ అను మూడు పట్టణములు 1873లో ఒక్క నగరమైనవి. వంతెన పెష్ట్ తీరమునకు చేరు చోటనే ఆ పరిషత్తు భవనము కలదు. లోనికి పోకున్నను ఒక నిమిషము దాని ఎదుట నిలువుడని మా మనవి.

అయితే ఈ కథలో మరొక పుట కూడ ఉన్నది. తమ భాష పోవునేమో అని భయపడినవారే, అధికారము చేతికి వచ్చిన తరువాత స్లొవాకుల మీద, రుమేనియనుల మీద దానిని రుద్దినారు. 1907 నాటి విద్యాచట్టము ఆ పిల్లల బడులలో మజ్యార్‌ను బలవంతము చేసినది. పిమ్మట మొదటి ప్రపంచ యుద్ధములో ఓడి, 1920 నాటి ట్రియానోన్ సంధితో హంగరీ తన పూర్వపు భూభాగములో సుమారు మూడింట రెండు వంతులు కోల్పోయినది. ముప్పది లక్షలకు పైగా మజ్యారులు రాత్రికి రాత్రి పొరుగు దేశములలో అల్పసంఖ్యాకులైనారు. ఈ గాయము నేటికిని మానలేదు. అక్కడి వారితో ముచ్చటించునపుడు ఈ విషయమున తొందరపడి తీర్పు చెప్పరాదు.

ఉర్దూ చదివిన మిత్రులకు హంగరీ మరొక విధముగా దగ్గర. 1526లో మొహాచ్ యుద్ధమున ఓడిన పిమ్మట, 1541లో బుడా కోట ఉస్మానీ తురుష్కుల వశమై 1686 వరకు వారి ఏలుబడిలో ఉన్నది. పాలకులు పోయినారు, మాటలు మిగిలినవి. మనము జేబు అన్నదానిని వారు 'జెబ్' అంటారు. అరబ్బీ మాట తుర్కీ ద్వారా అటు, ఫారసీ ఉర్దూల ద్వారా ఇటు నడచినది. పాదరక్షకు ఫారసీలో పాపోష్, హంగరీలో 'పపుచ్'. సంతను 'వాషార్' అంటారు. మన బజారునకు తోబుట్టువైన ఆ మాట తురుష్కుల కంటె చాల ముందే ఇరానీ జాతుల నుండి వచ్చినది.

బుడా వైపున గులాబీల కొండపై గుల్ బాబా అను బెక్తాషీ దర్వేషు సమాధి కలదు. ఆయన 1541లో మరణించినట్లు చెబుతారు. ఎనిమిది పలకల ఆ చిన్న కట్టడము తురుష్కులు పోయిన తరువాత కొంతకాలము క్రైస్తవ ప్రార్థనా మందిరమైనది. మరల సమాధిగా గుర్తింపబడి, బాగుచేయబడి 2018లో తెరువబడినది. చుట్టును గులాబీ తోట; దిగువన నగరము. సందడి తక్కువ. రుదష్ స్నానశాలలో 16వ శతాబ్దపు గుమ్మటము క్రింద నేటికిని జనులు వేడినీటి బుగ్గలలో మునుగుచున్నారు. దక్షిణమున పేచ్ పట్టణములో ఖాసిం పాషా మసీదు నేడు కాథలిక్ చర్చి. గుమ్మటముపై నెలవంకయు శిలువయు కలిసి ఉన్నవి. ఎగెర్ పట్టణములో మసీదు లేదు, మీనారు మాత్రము సుమారు 40 మీటర్ల ఎత్తున ఒంటరిగా నిలిచి ఉన్నది. బుడాపెస్ట్ నుండి ఎగెర్‌కు రైలులో రెండు గంటల ప్రయాణము, తప్పక పోవలెను.

హంగరీ నుండి మన దేశమునకు వచ్చినవారిలో చోమా షాందోర్ కథ మరువరానిది. మజ్యారుల పుట్టినిల్లు వెదకుటకు కాలినడకన బయలుదేరిన ఆయన, అది దొరకక, లడఖ్ ప్రాంతపు బౌద్ధ విహారములలో చలికి ఓర్చి టిబెటన్ భాష నేర్చి, 1834లో కలకత్తాలో ఆ భాషకు నిఘంటువును వ్యాకరణమును ప్రకటించినాడు. 1842లో డార్జిలింగులో కన్నుమూసినాడు. తన భాష మూలము కొరకు వచ్చి పరుల భాషకు సేవ చేసిన మహానుభావుడు. గెర్మానుష్ జ్యూలా అను పండితుడు 1929 నుండి మూడేండ్లు శాంతినికేతనములో ఇస్లామీయ విద్యలు బోధించి, ఢిల్లీలో ఇస్లాము స్వీకరించి అబ్దుల్ కరీం అను పేరు పొందినాడు. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1913లో బుడాపెస్ట్‌లోనే జన్మించినది. బాలాతోన్ సరస్సు ఒడ్డున, చికిత్సకై 1926లో పోయిన రవీంద్రనాథ ఠాకూరు ఒక మొక్క నాటినాడు. ఆ తీరపు బాటకు ఆయన పేరే పెట్టినారు.

నది ఒడ్డున, పార్లమెంటు భవనమునకు సమీపమున, గట్టు అంచున ఇనుముతో పోతపోసిన 60 జతల చెప్పులు కనిపిస్తాయి. 1944-45 చలికాలమున ఏరో క్రాస్ ముష్కరులు యూదులను చెప్పులు విప్పించి, కాల్చి నదిలోనికి త్రోసినారు. అంతకుముందు 1944 మే, జులై నెలల నడుమ నాలుగు లక్షలకు మించిన హంగరీ యూదులను ఎక్కువ భాగము ఆష్విట్జ్‌కు తరలించినారు. అక్కడ నవ్వుచు ఛాయాచిత్రములు తీసికొనుట మర్యాద కాదు. 1956 అక్టోబరు 23న లేచిన ప్రజా తిరుగుబాటును సోవియట్ టాంకులు అణచినవి. ప్రధాని నజ్ ఇమ్రేను 1958లో ఉరితీసి, 1989లో గౌరవముతో పునఃసమాధి చేసినారు.

ఇక ప్రయాణపు సంగతులు. హంగరీ 2004 నుండి ఐరోపా సమాఖ్యలోను, 2007 నుండి షెంగెన్ మండలములోను ఉన్నది. స్వల్పకాల వీసాతో 180 దినములలో 90 దినములకు మించి ఉండరాదు. దరఖాస్తు ఆరు నెలల ముందు నుండి ఇయ్యవచ్చును. కనీసము 15 దినముల ముందైన ఇయ్యవలెను. 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. నాణెము యూరో కాదు, ఫోరింట్. మెట్రోలో టికెట్టు కొనుటతో సరి కాదు. యంత్రములో దానిని చెల్లుబాటు చేయించుకొనవలెను, లేనిచో జరిమానా.

భోజనము విషయమున జాగ్రత్త అవసరము. పంది మాంసము, పంది కొవ్వు అక్కడ విరివిగా వాడుతారు. కూరగాయల వంటకములో కూడ అవి ఉండవచ్చును. 'షెర్తేష్', 'దిస్నో' అను మాటలు పట్టికలో కనిపించిన, అది పంది మాంసమని గుర్తింపవలెను. 'చిర్కె' కోడి, 'హల్' చేప. శాకాహారులు వేయించిన జున్నుతో తృప్తి పడవచ్చును. మిరపపొడి మాత్రము కొరత లేదు: సెగెద్, కలొచ పట్టణములు దానికి ప్రసిద్ధి. సెంట్ జ్యోర్జి ఆల్బెర్ట్ సెగెద్‌లో ఆ మిరపకాయల నుండే సి విటమినును విరివిగా వేరుచేసి, 1937లో నోబెల్ బహుమానము పొందిన శాస్త్రజ్ఞులలో చేరినాడు. 'ఏదెష్' అన్నది తీపి రకము, 'చీపోష్' అన్నది కారము. మనవారు నిస్సంకోచముగా రెండవదే అడుగవచ్చును. జనవరిలో గడ్డకట్టు చలి, జులైలో మన వేసవిని తలపించు ఎండ; మే, సెప్టెంబరు నెలలు పోవుటకు అనుకూలము. వచ్చునపుడు 'కోసోనోమ్' అని కృతజ్ఞత చెప్పుటకు ముందుగనే పలికి అలవాటు చేసికొనిన మేలు.