జర్మన్ భాషాదేశాల్లో కార్డు యంత్రం – బిల్లింగు వ్యవస్థల అనుసంధానం: ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండు దుకాణాల్లో బిల్లింగు వ్యవస్థకు, కార్డు యంత్రానికి మధ్య జరిగే సమాచార వినిమయాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది. రెండింటినీ తీగతో కలిపినంతమాత్రాన అనుసంధానం పూర్తికాదు. ఎవరు ఎప్పుడు మాట్లాడాలి, సమాధానం రానప్పుడు ఎవరి లెక్కను నమ్మాలి, చెల్లింపును ఏ పేరుతో నమోదు చేయాలి అన్న మూడు ప్రశ్నలకు ముందే జవాబు ఉండాలని చూపడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: కార్డు యంత్రం, బిల్లింగు వ్యవస్థ, జెడ్‌వీటీ, దినాంతపు లెక్క, నగదు అమ్మకం.

1. ఉపోద్ఘాతం:
అనుసంధానం లేని దుకాణంలో ఉద్యోగి ఒకే మొత్తాన్ని రెండుసార్లు నొక్కాలి: బిల్లింగు యంత్రంలో ఒకసారి, జనవ్యవహారంలో స్వైపింగ్ మిషన్ అనే కార్డు యంత్రంలో మరోసారి. 12.50 యూరోలకు బదులు 125.00 అని నొక్కితే కొనుగోలుదారుకు నష్టం; 1.25 అని నొక్కితే దుకాణదారుకు నష్టం. ఈ పొరపాటును తొలగించడమే అనుసంధానపు తొలి ప్రయోజనం. అయితే రెండు యంత్రాలు పరస్పరం మాట్లాడుకోవడం మొదలైన తర్వాత అపార్థాలకూ అవకాశం ఏర్పడుతుంది.

2. యంత్రాల మధ్య సంభాషణ:
జర్మనీలో విస్తారంగానూ, ఆస్ట్రియాలో కొంతమేరకూ వాడుకలో ఉన్న సందేశ నియమావళి జెడ్‌వీటీ. ‘చెల్లింపు వ్యవహారాల టెర్మినల్’ అనే అర్థమిచ్చే జర్మన్ సమాసానికి ఇది సంక్షిప్తరూపం. మొదట సీరియల్ తీగపై నడిచిన ఈ పద్ధతి నేడు దుకాణంలోని నెట్‌వర్కు మీద కూడా పనిచేస్తుంది.

ప్రతి సందేశంలోనూ మొదటి రెండు బైట్లు ఆజ్ఞను, తరువాతి భాగం సందేశపు పొడవును తెలుపుతాయి; ఆపైన వివరాలు ఉంటాయి. 06 00 పరిచయపు ఆజ్ఞ. రసీదును ఏ యంత్రం ముద్రించాలన్నది అప్పుడే నిర్ణయమవుతుంది. 06 01 చెల్లింపు ఆజ్ఞ. మొత్తాన్ని సెంట్లలో, బైటుకు రెండంకెల చొప్పున ఆరు బైట్లలో పంపుతారు. 12.50 యూరోలు 00 00 00 00 12 50 అవుతుంది.

దీనికి కార్డు యంత్రం 80 00 00 అని బదులిస్తుంది. కొత్తగా ప్రోగ్రాము రాసేవారు పొరబడడానికి ఎక్కువ అవకాశం ఉన్నది ఇక్కడే. కథ వింటూ ఊఁ కొట్టడం వంటిదే ఈ జవాబు. అది ఒప్పుకోలు కాదు. ఆజ్ఞ అందిందని మాత్రమే దాని అర్థం. అక్కడినుంచి మాట్లాడే వంతు కార్డు యంత్రానిది. అది రహస్యసంఖ్యను అడిగి, బ్యాంకు అనుమతి పొంది, ఫలితాన్నీ రసీదు సంఖ్యనూ పంపి, చివరగా ముగింపు సందేశం ఇస్తుంది. అంతవరకు బిల్లింగు వ్యవస్థ వచ్చిన ప్రతి సందేశానికీ ఊఁ కొడుతూ వేచి ఉండాలి.

3. సమాధానం రాని వేళ:
బ్యాంకు అనుమతి లభించిన మరుక్షణం నెట్‌వర్కు తెగిందనుకుందాం. కార్డు యంత్రం దృష్టిలో చెల్లింపు జరిగింది. బిల్లింగు వ్యవస్థకు ఆ సంగతి తెలియదు. తెరపై ‘విఫలం’ అని చూసిన ఉద్యోగి కార్డును మళ్లీ పెట్టమంటే కొనుగోలుదారు ఒకే సరుకుకు రెండుసార్లు సొమ్ము చెల్లిస్తాడు. మౌనం అర్ధాంగీకారమని మనకు నానుడి ఉంది. ఇక్కడ మాత్రం మౌనం అంగీకారమూ కాదు, నిరాకరణా కాదు. అది తేలని వ్యవహారం.

కనుక ఆజ్ఞను పంపకముందే దానిని భద్రపరచుకోవాలి. సంబంధం తిరిగి కుదరగానే 06 20 ఆజ్ఞతో చివరి రసీదును మళ్లీ రప్పించి, మొత్తాన్ని, వేళను, రసీదు సంఖ్యను సరిచూడాలి. అది తేలేవరకు రెండో ప్రయత్నానికి అవకాశం ఇవ్వకూడదు. చెల్లింపును రద్దు చేయవలసివస్తే రసీదు సంఖ్యతో 06 30 ఆజ్ఞ పంపాలి.

4. దినాంతపు లెక్క:
రోజు చివర 06 50 ఆజ్ఞతో కార్డు యంత్రపు లెక్కను ముగిస్తారు. జర్మన్లు దీనిని కాసెన్‌ష్నిట్ అంటారు. ‘కాస’ అంటే గల్లా, ‘ష్నిట్’ అంటే కోత. అప్పుడు వచ్చే మొత్తాలను బిల్లింగు చిట్టాతో పోల్చితే, తేలకుండా మిగిలిన వ్యవహారం ఆ రోజే బయటపడుతుంది.

5. ఒకే చెల్లింపు – భిన్న నామాలు:
జర్మనీలో 2020 జనవరి 1 నుంచి అమల్లో ఉన్న నిబంధనలు ఎలక్ట్రానిక్ బిల్లింగు వ్యవస్థలకు సాంకేతిక భద్రతా పరికరాన్ని విధించాయి. అందులో కార్డు చెల్లింపు ‘ఉన్‌బార్’, అనగా నగదేతరం. ఆస్ట్రియాలో 2017 ఏప్రిల్ 1 నుంచి, బిల్లింగు యంత్రం తప్పనిసరైన దుకాణాల్లో నగదు అమ్మకపు రసీదుకు ఎలక్ట్రానిక్ సంతకం ఉండాలి. అక్కడి పన్ను చట్టం దుకాణంలో కార్డుతో చెల్లించినదాన్ని కూడా ‘నగదు అమ్మకం’గానే పరిగణిస్తుంది. నగదు అనే మాటను నిఘంటువు అర్థంలో తీసుకుని ఆస్ట్రియాలో కార్డు అమ్మకాలకు సంతకం వదిలేస్తే అది చట్టోల్లంఘన అవుతుంది. రెండు దేశాల్లోనూ ఒకసారి భద్రపరచిన నమోదును చెరపరాదు. మరో నమోదుతోనే దానిని సరిదిద్దాలి. కాబట్టి కార్డు ఫలితం తేలకముందు రసీదును ముగించడం తగదు.

స్విట్జర్లాండులో కార్డు యంత్రానికి, చెల్లింపు సంస్థకు మధ్య ‘ఈపీ2’ అనే ప్రమాణం ఉంది. అక్కడ చలామణిలో ఉన్న అతి చిన్న నాణెం 5 రాపెన్‌లు. నగదు మొత్తాన్ని అందుకు తగ్గట్టు సవరించాలి; కార్డుకు ఆ అవసరం లేదు. అందువల్ల చెల్లింపు విధానం తెలిశాకే తుది మొత్తాన్ని నిర్ణయించాలి.

6. ముగింపు:
ఆజ్ఞల పట్టికను అనుసరించి చెల్లింపును నడిపించడం ఈ పనిలో సులువైన భాగం. ఊఁ కొట్టడాన్ని ఒప్పుకోలుగా, మౌనాన్ని నిరాకరణగా, చట్టపరిభాషను వాడుకమాటగా పొరబడకుండా చూడడమే అసలు అనుసంధానం. గల్లాపెట్టె ముందు నిలిచిన కొనుగోలుదారుడి సొమ్ముకు రక్షణ ఆ అర్థభేదాలను గుర్తించడంలోనే ఉంది.