స్వప్నమున మెలకువ



కల కనుచుండగనే "ఇది కల" అని తెలిసికొనుట సాధ్యమా? సాధ్యమైనచో క్రొత్తవారు ఎట్లు మొదలుపెట్టవలెను? అని యువకులు పలువురు అడుగుచున్నారు. పీడకలలతో బాధపడువారు ఇదే ప్రశ్నను "ఆ భయమునుండి నిద్రలోనే బయటపడు దారి లేదా?" అని అడుగుదురు. ఇరువురికిని సమాధానమొక్కటే. ఇది సాధ్యము. అభ్యాసమువలన పలువురికి అలవడును. అయితే ఆ అభ్యాసము పగటిపూటనే మొదలుకావలెను.

ముందుగా శాస్త్రమేమి చెప్పుచున్నదో చూతము. బృహదారణ్యకోపనిషత్తు నాలుగవ అధ్యాయమున యాజ్ఞవల్క్య మహర్షి జనక మహారాజునకు స్వప్నావస్థను వివరించినాడు. అచ్చట రథములు లేవు, గుఱ్ఱములు లేవు, మార్గములు లేవు. కలగనువాడే వానినన్నిటిని కల్పించుకొనుచున్నాడని ఆ ఉపదేశ సారము. 12 మంత్రముల మాండూక్యోపనిషత్తు స్వప్నమును ఆత్మయొక్క రెండవ పాదముగా చెప్పి, ఆ స్థితిలోనివానికి తైజసుడని పేరిడినది. పతంజలి మహర్షి యోగసూత్రముల సమాధిపాదము 38వ సూత్రమున స్వప్నజ్ఞానమును కూడ చిత్తస్థైర్యమునకు ఆలంబనముగా అంగీకరించినాడు. ఈ గ్రంథములు కలలను ఇష్టమువచ్చినట్లు నడుపుటకై చెప్పబడినవి కావు. చూచువాడెవడో తెలిసికొనుటకై చెప్పబడినవి. ఈ భేదమును మనస్సున నుంచుకొనుడు.

ఇక నేటి పరిశోధకుల మాట. నిద్రలో కనుగ్రుడ్లు వేగముగా కదలు దశ యొకటి కలదని 1953లో చికాగో విశ్వవిద్యాలయమున అసెరిన్‌స్కీ, క్లైట్‌మన్ ప్రకటించిరి. స్పష్టమైన కలలు ఎక్కువగా ఈ దశలోనే వచ్చును. అప్పుడు అవయవములు కదలకుండ పట్టు సడలియుండగా, కన్నులు మాత్రము కదలుచుండును. 1975లో ఇంగ్లండులోని హల్ నగరమున కీత్ హెర్న్ దీనినే ఆధారము చేసికొనెను. కలలో మెలకువ గలిగిన ఆలన్ వర్స్‌లీ ముందుగా అనుకొన్న ప్రకారము కన్నులను ఎడమకు, కుడికి త్రిప్పి, తాను కలలో నున్నట్లు సంజ్ఞ చేసెను. 2021లో ప్రకటింపబడిన పరిశోధనలో నిద్రించుచున్నవానిని ఎనిమిదిలో ఆరు తీసివేయుమని అడుగగా, అతడు కన్నులు రెండుమార్లు కదల్చి సరియైన సమాధాన మిచ్చెను. కావున ఇది కట్టుకథ కాదు.

కలలో మనము పోగొట్టుకొనునది ఏమి? దేశకాలముల స్మృతి. ఎచ్చట పరుండితిమో, ఇది ఏ వేళయో గుర్తుండదు. అందువలననే చనిపోయిన తాతగారు ఎదుట నిలిచినను ఆశ్చర్యము కలుగదు. కడుపునిండ భుజించి పరుండినవాడు కలలో ఆకలితో అలమటించును. మన పూజలలో ముందుగా చెప్పుకొను సంకల్పము ఈ స్మృతినే నిలుపుచున్నది: ఏ దేశమున, ఏ కాలమున, ఎవడను, ఏమి చేయబోవుచున్నాను? దీనిని పెదవులతో గాక మనస్సుతో చెప్పుకొనువానికి సగము అభ్యాసము అప్పుడే అయినది.

క్రొత్తవారు అనుసరింపదగిన క్రమమిది.

మొదటిది, స్మరణ. ప్రాతఃకాలమున మేల్కొనగానే కదలక, కన్నులు తెరువక, వచ్చిన కలను జ్ఞప్తికి తెచ్చుకొని, లేచి ఒక పుస్తకమున వ్రాయుడు. కొన్ని వారములకు తరచు వచ్చు గుర్తులు తెలియును: పాత ఇల్లు, తప్పిపోయిన రైలు, పరీక్ష.

రెండవది, ప్రశ్న. త్రికాలములయందు సంధ్యవేళనో, దీపము వెలిగించునప్పుడో "ఇది మెలకువయా, కలయా?" అని నిజముగా అడుగుకొనుడు. ముక్కు గట్టిగా మూసికొని గాలి పీల్చి చూడుడు. కలలో చాలమారులు గాలి ఆడును. వ్రాతను చదివి, మరల చదువుడు. కలలో అక్షరములు మారుచుండును. పగలు అలవాటైన ప్రశ్న రాత్రి కూడ వచ్చును.

మూడవది, సంకల్పము. తెల్లవారుజామున కలనుండి మెలకువ వచ్చినచో, ఆ కలను తలచుకొని "మరల కల వచ్చినప్పుడు అది కలయని గుర్తించెదను" అని నిశ్చయించి నిద్రింపుడు. అమెరికాలో స్టీఫెన్ లాబెర్జ్ బోధించిన పద్ధతి ప్రధానముగా ఇదియే. కలలు దీర్ఘముగా వచ్చునది రాత్రి చివరి భాగముననే గనుక ఆ వేళ అనుకూలము.

నాలుగవది, శాంతము. గుర్తించినంతనే ఉత్సాహము పొంగి మెలకువ వచ్చివేయును. అప్పుడు అరచేతులను చూచుకొనుచు, రుద్దుకొనుచు నెమ్మదిగా నిలువుడు.

ఇందు హెచ్చరికలు కలవు. ప్రతిరాత్రి అలారము పెట్టుకొని నిద్రను ఖండింపరాదు. నిద్రించువానిని హఠాత్తుగా లేపరాదని లోకులందురని యాజ్ఞవల్క్యుడే ప్రస్తావించినాడు. నిద్ర చాలనివాడు కలను గెలిచి పగటిని పోగొట్టుకొనును. మానసిక వ్యాధికి చికిత్స పొందుచున్నవారు వైద్యుని అడుగక ఈ జోలికి పోరాదు. మేల్కొనుచుండగా దేహము కొంతసేపు కదలనిచో దయ్యము పట్టెనని భయపడకుడు. నిద్రలో కండరములకు కలిగిన చలనరాహిత్యము ఇంకను వదలలేదని గ్రహించి నెమ్మదిగా ఊపిరి తీయుడు. అది దానంతటదే తొలగును.

ఇంతకు దీని ఫలమేమి? ఆకాశమున ఎగురుట, కోరిన భోగమును అనుభవించుట అని కొందరందురు. అది బాలక్రీడ. తరుముకొని వచ్చు పులిని చూచి పారిపోవుచున్నవాడు "ఇది కల" అని గుర్తించి నిలబడినచో పులి పోకున్నను భయము సడలును. పులియు తానే, పరుగును తానే అని తెలియుటయే ఆ నిలకడకు మూలము. పీడకలలచే నలిగినవారికి ఇది నిజమైన ఉపశమనము కాగలదు. మొదటి నెలలో ఏమియు కలుగకపోయినను నిరాశ వలదు. దినమునకు మూడుమారులు ఆగి తన్ను తాను ప్రశ్నించుకొనిన మనుష్యుడు కోపము వచ్చినప్పుడును, ఆశ లాగినప్పుడును ఒక్క క్షణము ఆగగలుగును. ఆ ఆగుటయే వివేకమునకు మొదటి మెట్టు.

స్వస్తి.