శిశువులకు మాట వచ్చు వేళ

ఒకే వీథిలో, ఒకే నెలలో పుట్టిన ఇద్దరు బిడ్డలలో ఒకడు ఏడాదిన్నరకే అవ్వను, తాతను పిలుచుచు, పాలు కావలెనని అడుగుచు ఇల్లంతయు మాటలతో నింపును. రెండవవాడు కావలసినదానిని వ్రేలితో చూపునే కాని నోరు విప్పడు. మొదటివాని తల్లి మురియును. రెండవవాని తల్లికి నిద్ర పట్టదు. ఆమెకు ఇరుగుపొరుగువారు చెప్పు మాటలు రెండు విధములు. "వాళ్ళ నాయనకు కూడా మూడేండ్లకు గాని మాట రాలేదు, వీడూ అంతే, వస్తుందిలే" అని కొందరు ఓదార్తురు. "ఇంట్లో ఇన్ని భాషలు మాట్లాడితే బిడ్డకు మాట ఎట్లా వస్తుంది?" అని మరికొందరు తప్పు పట్టుదురు. మొదటి మాటలో సగము నిజము, సగము అపాయము కలదు. రెండవ మాట నిజము కాదు. ఈ సంగతి తెలిసికొనుటకు బిడ్డ మాటలాడుట ఎట్లు నేర్చుకొనునో మొదట చూడవలెను.

వినికిడి ముందు, మాట తరువాత

భాషాభ్యాసము మొదటి మాటతో ఆరంభము కాదు. గర్భవాసమున చివరి మూడు నెలలలోనే శిశువు చెవి పనిచేయుచుండును. పుట్టిన కొద్ది దినములకే బిడ్డ తల్లి గొంతును ఇతరుల గొంతులనుండి వేరుచేసి గుర్తించును. రెండు మూడు నెలలకు ఊ కొట్టును. ఆరేడు నెలల ప్రాంతమున 'బబబ', 'దదద' అని అక్షరములను దొర్లించును. ఏడాది ప్రాంతమున మొదటి మాట పలుకును. రెండేండ్ల ప్రాంతమున 'అమ్మ రా', 'బువ్వ వద్దు' అని రెండు మాటలను కూర్చును. ఈ మెట్ల వరుస ఇంచుమించు అందరు బిడ్డలకు ఒకటే. ఏ మెట్టు ఏ నెలలో ఎక్కుదురు అను విషయముననే భేదమంతయు నున్నది.

నోరు మెదపని నెలలలో చెవి ఎంత పని చేయునో తెలుపు ప్రయోగమొకటి మనకు మిక్కిలి ఆసక్తికరము. 'ట', 'త' ల భేదము భారతీయ భాషలలో ముఖ్యమైనది. ఆంగ్లమున అట్టి భేదము లేదు. 1984లో జానెట్ వెర్కర్, రిచర్డ్ టీస్ అను శాస్త్రజ్ఞులు ఆంగ్లము మాట్లాడు ఇండ్లలోని పసిపిల్లలకు హిందీలోని ఈ ధ్వనులను వినిపించిరి. ఆరు మొదలు ఎనిమిది నెలల వయసులో ఎక్కువమంది పిల్లలు ఆ భేదమును పసికట్టిరి. పది, పన్నెండు నెలల వయసువారిలో దానిని పసికట్టగలిగినవారు కొద్దిమంది మాత్రమే. అనగా ఏడాది నిండకముందే చెవి తన ఇంటి భాషకు అలవడి, అక్కరలేని భేదములను విడిచివేయుచున్నది. ఇంకను ఒక్క మాటయు పలుకని బిడ్డ అప్పటికే భాషలో చాల దూరము నడిచియుండును.

ముందు వచ్చు ధ్వనులు, వెనుక వచ్చు ధ్వనులు

అమ్మ, అవ్వ, బువ్వ, పాప అను మాటలు ముందుగా వచ్చుట యాదృచ్ఛికము కాదు. మ, బ, ప లు పెదవులు కలిపి విడిచినంతనే పుట్టును. ఎదుటివారి పెదవుల కదలిక బిడ్డకు కంటికి కూడ కానవచ్చును. నాలుక కొనతో పలుకు త, ద లు సులభమే. నాలుక వెనుక భాగముతో పలుకు 'క' కొందరికి ఆలస్యముగా పట్టుబడును. అట్టివారు 'కాకి'ని 'తాతి' అందురు. నాలుకను అదరించి పలుకవలసిన 'ర' ఇంకను కష్టము. 'రాముడు' కొంతకాలము 'లాముడు'గానే యుండును. సంయుక్తాక్షరములకు మరికొంత కాలము పట్టును. తెలుగు పిల్లలు మాట నడుమ వచ్చు సంయుక్తాక్షరములను ఎట్లు అలవరచుకొందురో తెలుపు పరిశీలనమును 1981లో నిర్మల చెర్వెల ప్రకటించిరి. రెండు మూడేండ్ల బిడ్డ ఇట్లు ముద్దుమాటలాడుట లోపము కాదు.

భేదము ఎంత?

అమెరికాలో 1,803 మంది పిల్లల మాటలను తల్లిదండ్రులచేత గుర్తు పెట్టించి సేకరించిన వివరములు 1994లో వెలువడినవి. రెండేండ్లు నిండిన పిల్లలలో మిక్కిలి ముందున్న పదవవంతు 500 మాటలకు పైగా పలుకుచుండిరి. మిక్కిలి వెనుకనున్న పదవవంతు పలికినవి నూరు మాటలైనను లేవు. ఏ ఒక్క సంఖ్యనో గీటురాయిగా పెట్టుకొని బిడ్డను తూచుట ఎంత పొరపాటో దీనివలన తెలియును.

ఈ భేదమునకు కారణములు పెక్కు. వంశపారంపర్యము ఒకటి. సగటున ఆడపిల్లలు మగపిల్లలకంటె కొంచెము ముందు మాట్లాడుదురు. కవలలు కొంత వెనుకబడుదురు. బిడ్డతో ఇంటివారు ఎంత మాట్లాడుదురు అనునది మరియొక కారణము. నేర్చుకొను పద్ధతిలో కూడ భేదము కలదు. 1973లో కేథరిన్ నెల్సన్ 18 మంది పిల్లల మొదటి 50 మాటలను పరిశీలించి, కొందరు వస్తువుల పేర్లను ప్రోగుచేయుదురనియు, కొందరు 'ఇటు ఇవ్వు', 'వద్దు పో' వంటి పలుకులను మొత్తముగా పట్టుకొందురనియు చూపెను. పేర్లు లెక్కించు తల్లికి ఈ రెండవ తెగ పిల్లలు వెనుకబడినట్లు తోచవచ్చును.

పెక్కు భాషల ఇల్లు

మదనపల్లె, పుంగనూరు, కుప్పము ఉన్న పడమటి సీమ భాషల కూడలి. కుప్పమునకు ఒక వైపు తమిళనాడు, మరియొక వైపు కర్ణాటక. ద్రావిడ భాషల అధ్యయనమునకై 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయము వెలసినది ఈ ఊరిలోనే. మదనపల్లె, పుంగనూరులకు కన్నడసీమయైన కోలారు ప్రాంతము పొరుగు. ఉర్దూ మాట్లాడు కుటుంబములును ఈ ఊళ్ళలో గలవు. ఇంట ఉర్దూ, వీథిలో తెలుగు వినుచు పెరుగు పుంగనూరు బిడ్డ ఒకే జంతువును 'గాయ్' అనియు, 'ఆవు' అనియు పిలుచును. తల్లి తమిళము, తండ్రి తెలుగు మాట్లాడు ఇంటిలో నీళ్ళు 'తణ్ణి'యు నగును.

ఇట్టి బిడ్డ రెండేండ్లకు తెలుగులో 30 మాటలు, తమిళములో 30 మాటలు పలుకుచున్నాడనుకొందము. తెలుగు మాత్రమే లెక్కించువారికి వానిది పేదపలుకుగా తోచును. రెండును కలిపిన 60 మాటలు. 1993లో బార్బరా పియర్సన్, ఆమె సహచరులు మయామీ నగరమున స్పానిష్, ఆంగ్లము వినుచు పెరుగు శిశువులను పరిశీలించి ఈ విషయమునే కనుగొనిరి: రెండు భాషల మాటలను కలిపి లెక్కించినచో వీరు ఏకభాషా శిశువులకు తీసిపోరు. ఒకే వాక్యమున రెండు భాషలు కలుపుటయు గందరగోళమునకు గుర్తు కాదు. చేతికందిన మాటను వాడుకొనుటయే. కాబట్టి మాట ఆలస్యమైనదని ఇంటి భాషను మాన్పించుట బిడ్డకు మేలు చేయదు. తల్లి తనకు బాగుగా వచ్చిన భాషలో మాట్లాడినప్పుడే బిడ్డకు నిండైన మాటలు వినబడును.

భాషలు ఎక్కువగుటకంటె, ఎదుట మనిషి లేకపోవుటయే లోటు. 2003లో పట్రీషియా కూల్, ఆమె సహచరులు తొమ్మిది నెలల అమెరికన్ శిశువులకు చైనా భాషను వినిపించిరి. ఎదుట కూర్చుండి ఆడించుచు మాట్లాడినచో శిశువులు ఆ ధ్వనులను నేర్చుకొనిరి. అదే మనిషిని టెలివిజన్ తెరపై చూపినచో ఏమియు నేర్చుకొనలేదు. అన్నము తినిపించుటకై బిడ్డ చేతికి సెల్ ఫోను ఇచ్చు తల్లిదండ్రులు ఆలోచింపదగిన విషయమిది. చందమామను చూపుచు బువ్వ పెట్టు అవ్వ, తాను చూచుదానినే బిడ్డచేత చూపించి, దానికి పేరు చెప్పుచున్నది. మాట నేర్పుటకు ఇంతకంటె మంచి పాఠము లేదు.

ఎప్పుడు వేచియుండరాదు?

రెండేండ్లకు మాటలు తక్కువగానున్న పిల్లలలో సగముకంటె ఎక్కువమంది బడి యీడు నాటికి తోటివారిని అందుకొందురు. "వస్తుందిలే" అను మాటలోని నిజమింత. అయితే వారిలో ఎవరు అందుకొందురో ముందుగా చెప్పుట కష్టము. పలుకు తక్కువైనను చెప్పినది అర్థము చేసికొని, పిలిచినచో తిరిగి చూచి, వ్రేలితో చూపుచు, కన్నులలోనికి చూచుచు ఆడుకొను బిడ్డ విషయమున ఆశ ఎక్కువ. ఏడాదికి అక్షరములను దొర్లింపకున్నను, వ్రేలితో చూపకున్నను, 16 నెలలకు ఒక్క మాటయైనను రాకున్నను, రెండేండ్లకు తనంతట రెండు మాటలు కూర్పకున్నను వైద్యునికి చూపవలెను. వచ్చిన మాటలు పోయినచో ఏ వయసునందైనను ఆలస్యము కూడదు.

అన్నిటికంటె ముందు పరీక్షింపవలసినది చెవి. వేయిమంది శిశువులలో ఒకరిద్దరు స్థిరమైన చెవుడుతో పుట్టుదురు. నెలలు నిండక పుట్టినవారికి, తీవ్రమైన పసికామెర్లు వచ్చినవారికి ఈ భయము ఎక్కువ. మేనరికపు పెండ్లిండ్లలో పుట్టిన పిల్లలలో కూడ పుట్టుచెవుడు కొంత ఎక్కువగా కానవచ్చును. చెవిటి శిశువు కూడ మొదటి నెలలలో ఊ కొట్టును. అందువలన ఇంటివారు మోసపోవుదురు. వెనుక నిలిచి చప్పట్లు కొట్టి చూచుట చాలదు. నీడను చూచియో, గాలి కదలికను బట్టియో బిడ్డ తిరుగవచ్చును. చెవిలో చిన్న గొట్టము నుంచి, లోపలి చెవి బదులు పలుకు సన్నని ధ్వనిని యంత్రముతో కొలుచు పరీక్ష కలదు. నిద్రించుచున్న శిశువునకు కూడ దీనిని కొద్ది నిమిషములలో చేయవచ్చును.

తొందర ఎందుకనగా, మెదడులో భాషకు పునాది పడు కాలము తొలి ఏండ్లే. అమెరికాలోని కొలరాడో రాష్ట్రమున 1998లో ప్రకటించిన పరిశోధనలో, ఆరు నెలల లోపల చెవుడు గుర్తింపబడి సహాయము పొందిన పిల్లలకు, తరువాత గుర్తింపబడినవారికంటె భాష చాల మెరుగుగా అబ్బినట్లు తేలినది. వేచియుండుటవలన నష్టము లేని బిడ్డయు, వేచిన ప్రతి నెలకు నష్టపోవు బిడ్డయు పైకి ఒకే విధముగా మౌనముగా నుందురు. వారిని వేరుచేయునది పరీక్షయే.

మన దేశమున 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమమునందు అంగన్‌వాడీ పిల్లలను పరీక్షించి, వినికిడి లోపము, మాట ఆలస్యము ఉన్నవారిని జిల్లా కేంద్రములకు పంపు ఏర్పాటు కలదు. వాక్కు, వినికిడి విషయములకై 1965లో స్థాపించిన అఖిల భారత సంస్థ పొరుగు రాష్ట్రమున మైసూరులో నున్నది. ఉన్నత పాఠశాలలోని విద్యార్థుల ఇండ్లలో తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఉందురు. జీవశాస్త్రమున చెవి పాఠము చెప్పునాడు ఉపాధ్యాయుడు ఈ గుర్తులను కూడ చెప్పినచో, ఆ మాట విద్యార్థితోపాటు ఇంటికి చేరును. చెల్లెలు పిలిచిన పలుకకున్నచో దానిని మొదట గమనించువాడు అన్నయే కావచ్చును.