కొండమీద సంగటి ముద్ద

హార్స్లీ కొండకు వెళ్లాలని కార్వేటినగరంలో కూర్చుని ఎన్నో సెలవులు అనుకున్నాము. చివరకు ఒక క్రిస్మస్ సెలవుల్లో అది నెరవేరింది. చిత్తూరు మీదుగా మదనపల్లె చేరి, బంధువుల ఇంట రాత్రి గడిపి, ఉదయమే ఘాట్ రోడ్డు వెంట నడక మొదలుపెట్టాము.

ఆ కొండ అసలు పేరు ఏనుగు మల్లమ్మ కొండ. 19వ శతాబ్దంలో కడప కలెక్టరు హార్స్లీ దొర అక్కడ ఇల్లు కట్టించుకున్నాక ఈ పేరు వచ్చింది. ఎత్తు 4 వేల అడుగులకు పైమాటే.

పైన హోటళ్లున్నా పిల్లల అవ్వ ఒప్పుకోలేదు. తెల్లవారకముందే లేచింది. ఎసట్లో నూకలు మెత్తగా ఉడికాక రాగిపిండి పోసి, కదపకుండా మూతపెట్టి, సన్నని సెగమీద మగ్గనిచ్చింది. ఆపైన కట్టెతో గెలికి ముద్దలు చేసి, తడిగుడ్డలో మూటగట్టింది. తోడుగా చెనక్కాయల ఊరుబిండి, మజ్జిగ.

గాలిబండ దగ్గర చలిగాలికి ఆకలి రెట్టింపయింది. ప్రార్థన చేసి మూట విప్పాము. ఇంతలో పట్నంవారెవరో పక్కనే వచ్చి కూర్చున్నారు. మా పెద్దమ్మాయి చటుక్కున ముద్దను విస్తరి చాటున దాచింది.

"ఏందమ్మా, దొంగసొత్తా అది?" అంది అవ్వ. కాసేపాగి మెల్లగా చెప్పింది: "నేనూ దాచినదాన్నేలే. అయ్యగారు ఇంటికొస్తే సంగటి కుండ మూలకు నెట్టి, అప్పు బియ్యం తెచ్చి అన్నం వండేదాన్ని."

మేము తల వంచుకున్నాము. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చాక మా ఇంట సంగటి తగ్గింది. సిగ్గు మాత్రం తగ్గలేదు. పిల్లకు దాన్ని నేర్పింది మేమే.

బల్గేరియా దేశంలో మంచుకొండలెక్కే విహారులు ఇష్టంగా తినే వంటకాల్లో కచమాక్ ఒకటి. మొక్కజొన్నపిండిని గెలికి చేసే ఒకరకం సంగటే అది! వెన్న, జున్నుగడ్డ వేసి అతిథులకు వడ్డిస్తారు. మన రాగి దేనికి తక్కువ? 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 300 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది. పాలిష్ బియ్యంలో 10 కూడా దాటదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా పాటించింది.

మా అమ్మాయి ముద్దను మళ్లీ విస్తరిలోకి తీసుకుంది. ఊరుబిండి అద్దుకుని మొత్తం తినేసింది.

వచ్చే నెల మా ఇంట కుటుంబ ప్రార్థన ఉంది. అయ్యగారూ వస్తారు. ఆ రోజు ఏమి వండాలో అవ్వ అప్పుడే చెప్పేసింది. ఈసారి కుండ మూలకు పోదు.