పాత ట్రాక్టరు బ్రేకు షాఫ్టునకు క్రొత్త ఆయిల్ సీలు

అమెరికా సంయుక్త రాష్ట్రముల మధ్యభాగమున, ఇల్లినాయ్, అయోవా, నెబ్రాస్కా మొదలగు రాష్ట్రముల మొక్కజొన్న చేలయందు, రెండవ ప్రపంచయుద్ధ కాలమునాటి ట్రాక్టర్లు కొన్ని నేటికిని పనిచేయుచున్నవి. వానిలో మిక్కిలి ప్రసిద్ధి గన్నది, ఇంటర్నేషనల్ హార్వెస్టర్ సంస్థ రాక్ ఐలండ్ కర్మాగారమున 1939 మొదలు 1953 వఱకు సుమారు 3,90,000 సంఖ్యలో నిర్మించిన ఫార్మాల్ హెచ్. ఇట్టి యంత్రము వయసు మీఱినకొలది తఱచుగా కనబడు లోపమొకటి కలదు: పెడలు ఎంత గట్టిగా త్రొక్కినను ఒకవైపు బ్రేకు పట్టదు; బ్రేకు మూత క్రింద నల్లని నూనె చెమర్చును. దీనికి కారణము సాధారణముగా అరచేతిలో ఇముడునంతటి ఒక చిన్న వలయము. దానినే ఆయిల్ సీలందురు.

ఫార్మాల్ హెచ్‌లో బ్రేకులు చక్రములయొద్ద ఉండవు. డిఫరెన్షియల్ నుండి వచ్చు శక్తిని ఇరుసుమీది పెద్ద గేరునకు అందించు చిన్న గేరు ఒక షాఫ్టుపై నుండగా, ఆ షాఫ్టు గేరు పెట్టె గోడను దాటి వెలికివచ్చిన కొనయందు బ్రేకు డ్రమ్ము అమర్పబడియుండును. చక్రము ఒక చుట్టు తిరుగులోపల ఈ షాఫ్టు పలు చుట్లు తిరుగును గావున, దానిని ఆపుటకు వలయు బలము ఆ మేరకు తగ్గును. చిన్న డ్రమ్ముతోనే పెద్ద చక్రమును నిలుపవచ్చును. కాని ఈ నేర్పువెంటనే ఒక చిక్కును పుట్టినది. గోడకు ఒకవైపున నూనెలో మునిగి తిరుగు గేర్లు, రెండవవైపున నూనె సోకరాని బ్రేకు, ఈ రెండింటిని కలుపుచు నిరంతరము తిరుగు షాఫ్టు. పొడిగానున్న బ్రేకు లైనింగునకు డ్రమ్ముతో ఘర్షణ గుణకము సుమారు 0.35 ఉండగా, నూనె తగిలినచో అది 0.1 దరిదాపునకు పడిపోవును. సాళ్ల చివర త్రిప్పుటకు వీలుగా కుడి ఎడమలకు వేర్వేఱు పెడళ్లుండు ఇట్టి ట్రాక్టరులో ఒకవైపు బ్రేకు మాత్రమే నూనె త్రాగినచో, రెండు పెడళ్లు కలిపి త్రొక్కినపుడు బండి పొడిగానున్న బ్రేకువైపునకు లాగును. రోడ్డుమీద వేగముగా పోవునపుడు ఇది ప్రాణాపాయకరము.

పూర్వకాలమున షాఫ్టుచుట్టు నూనెను ఆపుటకు ఉన్నికంబళిని, తోలును వాడిరి. సీళ్లకు పేరొందిన షికాగో రాహైడ్ సంస్థ 1878లో తోలుపనితోనే ఆరంభమైనది. 1930లలో జర్మనీయందు నైట్రైల్ రబ్బరు రూపొందిన పిమ్మట, నూనెకు ఉబ్బి చెడని పెదవిగల సీలు సాధ్యమైనది. ఉక్కు వలయమునకు అంటిన ఈ పెదవిని దానిచుట్టు నున్న సన్నని తీగచుట్ట స్ప్రింగు షాఫ్టునకు అదిమిపట్టును. ఇంతమాత్రముచే పెదవి షాఫ్టును పొడిగా ఒరయుచుండునని తలంపరాదు. అట్లయినచో అది కొలదికాలములోనే మాడిపోవును. పెదవి నిజముగా ఒక నూనెపొరపై తేలుచుండునని జాగర్ అను శాస్త్రజ్ఞుడు 1957లో ప్రకటించిన పరిశోధన తెలిపినది. ఆ పొర మందము మైక్రాన్ల లెక్కలోనిది. వెండ్రుకకంటె ఎన్నో రెట్లు పలుచన. పెదవియొక్క రెండు ప్రక్కల వాలు సమానముగా నుండదు గావున, షాఫ్టు తిరుగునపుడు ఆ పొర నూనెను మరల లోపలివైపునకే నెట్టుచుండును. సీలు చేయు పని నూనెను కదలకుండ కట్టివేయుట కాదు, వెలికి పోబోవుదానిని ఎడతెగక వెనుకకు మరలించుట.

ఇట్టి సూక్ష్మవ్యవస్థ చెడుటకు హేతువులు అనేకములు. వేడికి రబ్బరు గట్టిపడి బీటలువారును. బేరింగు అరిగినచో షాఫ్టు ఊగి, పెదవి దానివెంట కదలజాలక వెనుకబడును. గేరు పెట్టెకు గాలిపోవు రంధ్రము దుమ్ముతో మూసుకొనిపోయినచో, వేడెక్కిన గాలి ఒత్తిడి నూనెను సీలుగుండ వెలికి త్రోయును. అన్నింటికంటె విచిత్రమైనది షాఫ్టుమీద పడు గాడి. చేదత్రాడు బావిఒరపై రాతిని కోసినట్లు, మెత్తని రబ్బరు గట్టి ఉక్కును కోయును. రబ్బరులో నాటుకొనిన దుమ్మురేణువులే అచట ఆకురాయి పని చేయును.

కావున సీలు మార్చుటకు పూర్వము షాఫ్టును పరీక్షింపవలెను. ట్రాక్టరును చదునైన నేలపై నిలిపి, చక్రములకు అడ్డుదిమ్మలు పెట్టి, నూనెను కొంత దింపి, బ్రేకు మూతను, డ్రమ్మును ఊడదీయవలెను. ఆనాటి లైనింగులలో ఆస్బెస్టాస్ ఉండుట సర్వసాధారణము గనుక, ఆ దుమ్మును గాలితో ఊదక తడిగుడ్డతో తుడువవలెను. ఊపిరితిత్తులు చేరిన ఆ నారపోగులు దశాబ్దముల పిదప మృత్యుకారకములు కాగలవు. పాత సీలు తీసిన తరువాత, పెదవి ఆనిన చోట గోరు రాచి చూచినపుడు గాడి తగిలినయెడల, క్రొత్త సీలు ఒక్కటే చాలదు. సుమారు 0.28 మిల్లీమీటరు మందముగల ఉక్కుతొడుగు షాఫ్టుపై ఎక్కించినచో, సీలు కొలత మార్చకయే నునుపైన ఉపరితలము మరల లభించును. షాఫ్టు ఊగుచున్నచో బేరింగును సైతము మార్చవలెను. క్రొత్త సీలు పెదవికి గ్రీసు పూసి, అది నూనెవైపునకు తిరిగియుండునట్లు చూచి, షాఫ్టు పండ్లు దానిని చీల్చకుండ పలుచని టేపు చుట్టి, వలయమంతట సమానముగా ఒత్తిడి పడునట్లు దిగగొట్టవలెను. నూనె త్రాగిన లైనింగును కడిగి వాడుట తగదు. దాని రంధ్రములలో ఇంకిన నూనె వేడికి మరల పైకి ఊఱును.

ఈ నియమము ఒక్క ఫార్మాలునకే గాక, మన డెల్టాలలో బురదనీట దమ్ము చేయు ట్రాక్టర్లకును వర్తించును. నూనె కాఱుట రోగలక్షణము మాత్రమే. గాడియో, ఊగు షాఫ్టో, మూసుకొనిన గాలిరంధ్రమో అసలు రోగము. దానిని కుదుర్పక సీలు మార్చినవాడు త్వరలోనే మరల అదే మూత విప్పవలసివచ్చును. పని ముగిసిన పిమ్మట ట్రాక్టరును కొంతసేపు పొలమున నడిపి, మూత క్రింద తేమ లేదని, రెండు బ్రేకులు సమానముగా పట్టుచున్నవని నిశ్చయించుకొని, రెండు పెడళ్లను జతగూర్చు కొక్కెము వేసిన తరువాతనే రోడ్డు ఎక్కవలెను.