టు-లెట్ బోర్డు పెట్టే ముందు

మియాపూర్‌లో మా ఫ్లాట్ ఖాళీ అయ్యి రెండు నెలలైంది. రంగులేయించి టు-లెట్ బోర్డు పెట్టేద్దాం అనుకున్నా. అమ్మ ఒప్పుకోలేదు. ‘ముందు ఒక్క రాత్రి నువ్వు అక్కడ పడుకో’ అంది.

పడుకున్నా. బాత్రూమ్‌లో ఒకటే కంపు. వాడకం లేకపోతే జాలీ కింద పైపు మలుపులో నిలిచే నీళ్లు ఆరిపోతాయి, డ్రైనేజీ వాసన లోపలికొస్తుంది. బకెట్ నీళ్లు పోస్తే తగ్గింది. సింక్ కింద లీకు. కిటికీ గొళ్లెం పడదు. ఇవేవీ కొత్త రంగులో కనిపించవు.

అన్నీ బాగుచేయించి, తాళం మార్చి, కరెంటు బిల్లు కట్టేసి మీటర్ రీడింగ్ ఫొటో తీసిపెట్టా.

మేమూ పదేళ్లు అద్దెకున్నాం. ఖాళీ చేసిన ప్రతిసారీ పెయింటింగ్ పేరుతో అడ్వాన్సులో నెల అద్దె పట్టుకున్నారు. చేరిన ఇంటికి మాత్రం ఎవరూ రంగు వేయించి ఇవ్వలేదు. అమ్మ అది మర్చిపోలేదు.

మీ ఇల్లు ఖాళీగా ఉందా? ఒక్క రాత్రి పడుకుని చూడండి.