ఒక ఐరిష్ వర్తకుని వంశచరిత్రము

రాజుల చరిత్రములు చదువుట మన కలవాటు. వర్తకుల కుటుంబచరిత్రములును చదువఁదగినవని మేము తలంచుచున్నాము. సామ్రాజ్యము సామాన్యుని నెట్లు నడపించెనో అవి తేటగాఁ దెలుపును.

1845లో ఐర్లండున బంగాళాదుంప పంట తెవులుచేఁ జెడెను. కొలఁది యేండ్లలో పదిలక్షలమంది ఆఁకటికి, రోగములకు బలియైరి; లక్షల జనము ఓడలెక్కి వలసపోయిరి. ఆ దినములలోనే ఆ దేశపు రేవులనుండి ధాన్యము ఇంగ్లండునకు ఎగుమతి యగుచుండెను. ధాత కరవునాఁటి చెన్నరాజధాని రేవుల సంగతి నెఱిఁగిన పాఠకులకు వివరింప నక్కఱలేదు.

మార్క్ ఫాయ్ అను ఐరిష్‌వాఁడు 1858లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా వలసరాజ్యమునఁ గాలుమోపెను. బంగారమునకై వచ్చినవారిలోఁ బెక్కండ్రు వట్టిచేతులతో మిగిలిరి. వారికి సరకు లమ్మినవారు నిలదొక్కుకొనిరి. ఫాయ్ మెల్‌బోర్న్‌లోని కాలింగ్‌వుడ్ పేటలో, స్మిత్ వీథిని బట్టలకొట్టు పెట్టెను. 1883లో అది గిబ్సన్ అను వర్తకుని చేతికి వచ్చెను. కుమారులు ఫ్రాన్సిస్, మార్క్ సిడ్నీ చేరి, 1885లో ఆక్స్‌ఫర్డ్ వీథిని క్రొత్తకొట్టు తెఱచి, దానికిఁ దండ్రిపేరే పెట్టిరి. చిన్నవాఁడు మార్క్ 1904లో బ్లూ మౌంటెన్స్ కొండలపై హైడ్రో మెజెస్టిక్ అను విడిదిని నెలకొల్పెను. పిమ్మట లివర్‌పూల్ వీథిలో లేచిన గొప్ప భవనమున కదలెడు మెట్లను జూచుటకు జనము మూఁగిరి.

ఈ ఉద్యమశీలమును మేమును మెచ్చుకొందుము. అయినను వారి లెక్కలలో కెక్కని పద్దు ఒకటి కలదు. ఆ కొట్లు నిలిచిన నేల ఎవరిది? కాలింగ్‌వుడ్ వురుండ్జెరి జనులది. సిడ్నీ గాడిగల్ జనులది. 1835లో బాట్‌మన్ అను తెల్లవాఁడు కంబళ్లు, కత్తులు, అద్దములు, పిండి యిచ్చి మెల్‌బోర్న్ ప్రాంతమున ఆఱులక్షల యెకరములు కొంటిననెను. గవర్నరు ఆ బేరమును రద్దుచేసెను. భూమిని జనులకు మరల నిచ్చుటకుఁ గాదు. అది మొదటినుండియు దొరతనముదే యనుటకు!

ఫాయ్ ఎవరిని దోఁచినవాఁడు కాఁడు. తనవారి నేల పరులపాలైన జాతివాఁడు, పరుల నేలపై కష్టించి బ్రదికెను. ఒకరి దుఃఖమును మఱొకరి బ్రతుకుదెరువుగా మార్చుటయే సామ్రాజ్యపు వ్యాపారము.

ఆ భూమి యెవరిదియుఁ గాదను వాదమును ఆస్ట్రేలియా ఉన్నతన్యాయస్థానము 1992లోఁ గొట్టివేసెను. లివర్‌పూల్ వీథిలోని ఫాయ్ భవనమున నేఁడు న్యాయస్థానములున్నవి. ఆ గోడలపై నాఁటి సరకుల పేర్లింకను చెరగలేదు.